ఇంటికి రంగులు వేయిస్తున్నారా? దుమ్మంతా రంగుది కాదు.. లప్పంది! పని మొదలెట్టకముందే ఇవి తెలుసుకోండి

సంక్రాంతి దగ్గర పడుతోందంటే చాలు.. అందరి చూపూ గోడల మీదికి వెళ్తుంది. పెళ్లి ముహూర్తం కుదిరినా, కొనుక్కున్న పాత ఫ్లాట్‌లోకి దిగాలన్నా అంతే. పెయింటర్‌ను పిలిపించి, షేడ్ కార్డు ముందేసుకుని హాల్‌కు ఏ రంగు, పడకగదికి ఏ రంగు అని ఇంటిల్లిపాదీ గంటలకొద్దీ చర్చించుకుంటారు. చదరపు అడుగుకు ఎంత అని బేరమాడతారు. దుమ్ము ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

పని మొదలైన రెండో రోజో మూడో రోజో అసలు సంగతి తెలుస్తుంది. తలుపు వేసి ఉన్న బీరువాలో పట్టుచీరల మీద తెల్లటి పొర. వంటింట్లో పప్పుల డబ్బాల మూతల మీద పొడి. ఎక్కడ చెయ్యి ఆనించినా వేలిముద్రలే. రాత్రయ్యేసరికి పెద్దవాళ్లకు దగ్గు, పిల్లలకు తుమ్ములు. వారం పాటు తుడిచినా ఇంకా ఎక్కడినుంచో రాలుతూనే ఉంటుంది.

'రంగులు వేయిస్తే ఆ మాత్రం దుమ్ము తప్పదు' అని సరిపెట్టుకోవడం అందరికీ అలవాటైపోయింది. నిజానికి ఇందులో చాలా భాగం ఆపగలిగిందే. కాకపోతే ఆపాల్సింది దుమ్ము లేచాక కాదు.. లేవకముందు.

రంగు దుమ్ము లేపదు.. మరి ఎక్కడిది?

డబ్బాలోంచి తీసి రోలర్‌తో పూసే ఎమల్షన్ తడిగా ఉంటుంది. దాని నుంచి తుంపరలు పడతాయేమో గానీ దుమ్ము రాదు. దుమ్ము వచ్చేది అంతకుముందు జరిగే పనిలో. పాత రంగు పెచ్చులు గీకడం ఒకటి. పగుళ్లు పూడ్చేందుకు ప్లాస్టరింగ్‌ను కొట్టడం ఇంకొకటి. అన్నిటికన్నా ఎక్కువగా.. లప్పం పెట్టాక గోడ నునుపు తేలడానికి ఎమరీ పేపర్‌తో రుద్దడం. కొన్నిచోట్ల ఉప్పు కాగితం అంటారు, పేరేదైనా పని అదే.

ఈ పనిలో ఎంత పొడి వస్తుందో చిన్న లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న ఒక గోడ తీసుకుందాం. దాని మీద లప్పాన్ని మిల్లీమీటర్‌లో పదో వంతు మందం మాత్రమే రుద్ది తీశారనుకుందాం. అలా రాలే పదార్థం దాదాపు ఒక లీటరు. బరువులో కిలోకు పైమాటే. ఒక గదికి నాలుగు గోడలు, పైన సీలింగ్. మూడు గదుల ఇంట్లో ఎన్ని కిలోల పొడి గాల్లోకి లేచి ఉంటుందో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

అందులో ముతక భాగం గోడ కిందే రాలిపోతుంది. దాంతో పెద్ద ఇబ్బంది లేదు, ఎత్తి పారేయవచ్చు. ఇబ్బందంతా కంటికి కనిపించని సన్నపొడితోనే. గాలి కదలకుండా ఉన్న గదిలో 10 మైక్రాన్ల పరిమాణమున్న లప్పం రేణువు 8 అడుగుల ఎత్తు నుంచి నేలకు చేరడానికి సుమారు 5 నిమిషాలు పడుతుంది. అదే ఒక మైక్రాన్ రేణువైతే 7 గంటల దాకా పడుతుంది. ఫ్యాన్ తిరుగుతున్నా, మనుషులు అటూ ఇటూ నడుస్తున్నా ఇంకా ఎక్కువ సేపు గాల్లోనే ఉంటుంది. సాయంత్రం 6 గంటలకు పని ఆపి, 7 గంటలకు ఇల్లంతా తుడిస్తే పొద్దున్నే మళ్లీ పొర కనిపించేది అందుకే. తుడిచినవాళ్ల తప్పేమీ లేదు. తుడిచే సమయానికి ఆ పొడి ఇంకా నేలకు దిగనేలేదు!

ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లేదీ ఈ సన్నపొడే. ముతకది ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. తుమ్మితే, దగ్గితే బయటికి వస్తుంది. సన్నది అలా ఆగదు.

బీరువాకు ప్లాస్టిక్ కవర్.. పెయింటర్‌కు చేతిరుమాలు

మన ఇళ్లలో ఎక్కువగా వాడే లప్పం తెల్ల సిమెంటుతో చేసింది. అందులో సన్నగా విసిరిన సున్నపురాయి లేదా డోలమైట్ పొడి, పట్టు కోసం పాలిమర్లు కలుస్తాయి. సిమెంటు కాబట్టి దానికి క్షారగుణం ఉంటుంది. చెమట పట్టిన చర్మానికి, కంటి తడికి తగిలితే మంట పుడుతుంది. కంట్లో పడినప్పుడు నలపకూడదు. శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తూ 15 నిమిషాలైనా కడగాలి, మంట తగ్గకపోతే కంటి డాక్టర్‌కు చూపించాలి. సీలింగ్ రుద్దేటప్పుడు పొడి నేరుగా మొహం మీదే పడుతుంది. కళ్లద్దాలు, తలకు టోపీ లేకుండా ఆ పని చేయించకూడదు.

ఇంటివాళ్లు ఈ దుమ్మును పీల్చేది ఏ ఐదేళ్లకో పదేళ్లకో ఒకసారి, అదీ కొద్ది రోజులు. పెయింటర్ సంగతి వేరు. ఈ వారం ఈ ఇంట్లో, వచ్చే వారం ఇంకో ఇంట్లో.. పనిలో ఉన్నన్నాళ్లూ అదే గాలి. అమెరికాలో జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ నియోష్ 1990ల్లో ఇలాంటి పనిని పరిశీలించింది. అక్కడ జిప్సం బోర్డు గోడల అతుకుల మీద మన లప్పం లాంటి ముద్ద పూసి రుద్దుతారు. పని చేసేవాళ్లు పీల్చే గాలిలో దుమ్ము, అక్కడి చట్టం అనుమతించిన ఘనపు మీటరుకు 15 మిల్లీగ్రాముల పరిమితి కన్నా 10 రెట్ల దాకా ఉన్నట్టు తేలింది. కొన్ని సందర్భాల్లో అందులో సిలికా కూడా కనిపించింది.

సిలికా అంటే ఇసుకలో ఉండే పదార్థమే. లప్పం కన్నా ఇసుక, సిమెంటు ప్లాస్టరింగ్‌ను కొట్టేటప్పుడు, వైర్ల కోసం గోడకు గాడి కోసేటప్పుడు, టైల్స్ కట్ చేసేటప్పుడు ఇది ఎక్కువగా లేస్తుంది. ఏళ్ల తరబడి పీలిస్తే వచ్చే సిలికోసిస్‌కు పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. రంగుల పనితోపాటు కొత్త స్విచ్ బోర్డుల కోసం గోడలు కోయిస్తుంటే అది మరీ ప్రమాదకరమైన దుమ్మని గుర్తుంచుకోవాలి. గాడి కోసేచోట నీళ్లు చల్లుతూ కోయించడం, లేదంటే దుమ్మును పీల్చుకునే యంత్రం తగిలించిన కట్టర్ వాడించడం మేలు. కరెంటు కట్టర్ మీద నేరుగా నీళ్లు పోస్తే షాక్ కొట్టే ప్రమాదముంది. నీటితో వాడటానికని తయారుచేసిన కట్టర్ కాకపోతే ఆ పని చేయకూడదు.

చాలా ఇళ్లలో కనిపించే దృశ్యం ఒకటుంది. సోఫాకు, టీవీకి, బీరువాకు ప్లాస్టిక్ కవర్లు చక్కగా కప్పుతారు. వాటి మధ్యలో నిలబడి రోజంతా గోడ రుద్దే మనిషి ముక్కుకు మాత్రం చేతిరుమాలే దిక్కు. రుమాలు, సర్జికల్ మాస్కు ఈ సన్నపొడిని ఆపలేవు. పక్కల సందుల్లోంచి గాలి నేరుగా లోపలికి వెళ్తుంది. ఎన్‌95 గానీ ఎఫ్‌ఎఫ్‌పీ2 గానీ మొహానికి సరిగ్గా అతుక్కునేలా, ముక్కు మీది లోహపు పట్టీ నొక్కి, రెండు తాళ్లూ తల వెనక్కి తగిలిస్తేనే పని చేస్తుంది. గడ్డం గుబురుగా ఉంటే అక్కడా గాలి లీకవుతుంది. పొడి పట్టి ఊపిరి తీసుకోవడం కష్టమైతే మార్చేయాలి. రుద్దుడు పని జరిగే రోజుల్లో మనిషికి రోజుకొకటి ఇచ్చినా, మొత్తం రంగుల ఖర్చులో అది లెక్కలోకి రాదు. పెయింటర్ తెచ్చుకుంటాడులే అనుకోకుండా ఇంటి యజమానే కొనివ్వడం మంచిది. ఈ మాస్కులు దుమ్మునే ఆపుతాయి. థిన్నర్, ఎనామిల్ వాసనను ఆపవు. దానికి కిటికీలు తెరవడమే మార్గం.

దుమ్ము ఎంత లేవాలో నిర్ణయించేది బ్లేడే

దుమ్ము తగ్గించాలంటే అందరి దృష్టీ ఎమరీ పేపర్ మీదికే వెళ్తుంది. అసలు కిటుకు మాత్రం అంతకుముందు రోజు.. లప్పం పెట్టేటప్పుడే ఉంది. బ్లేడు గీతలు, గుట్టలు, అంచుల దగ్గర మందపు చారలు ఎన్ని వదిలేస్తే మర్నాడు అన్నీ దుమ్మై లేస్తాయి. చెయ్యి తిరిగిన మేస్త్రీ పల్చగా ఒక కోటింగ్ లాగి, అది ఆరాక దానికి అడ్డంగా రెండో కోటింగ్ లాగుతాడు. పూర్తిగా గట్టిపడకముందే బ్లేడుతో ఎత్తుపల్లాలు సరిచేస్తాడు. మర్నాడు అతడి ఎమరీ పేపర్‌కు పెద్ద పనుండదు. తొందరపడే మనిషి మందంగా పూసేసి 'రేపు రుద్దుకుందాంలే' అంటాడు. తేడా అంతా అక్కడే.

తెల్ల సిమెంటు లప్పం రెండు కోటింగులు కలిపినా ఒకటిన్నర మిల్లీమీటర్‌కు మించకూడదని తయారీదారులు సాధారణంగా సూచిస్తారు. అంతకన్నా లోతైన గుంతలుంటే లప్పంతో కాకుండా ముందే సిమెంటుతో పూడ్పించాలి. రుద్దడానికి కూడా 500 నంబరుకు తగ్గని సన్న పేపర్ వాడమంటారు. కానీ పని త్వరగా తేలుతుందని ముతక పేపర్ పట్టుకునేవాళ్లే ఎక్కువ. ముతక పేపర్ లప్పాన్ని లోతుగా కోస్తుంది, గీతలు పెడుతుంది. ఆ గీతలు పోవడానికి మళ్లీ లప్పం, మళ్లీ రుద్దుడు, మళ్లీ దుమ్ము.

మరో సంగతి. సిమెంటు లప్పం రోజులు గడిచేకొద్దీ గట్టిపడుతూనే ఉంటుంది. పెట్టి రాత్రంతా ఆరనిచ్చి మర్నాడు రుద్దితే తేలిగ్గా లేస్తుంది. నాలుగైదు రోజులు వదిలేసి వస్తే బలం పెట్టి, ముతక పేపర్‌తో రుద్దాల్సిందే. ఒకేసారి రెండు మూడు ఇళ్లు ఒప్పుకుని లప్పం పెట్టి మాయమయ్యే పెయింటర్లతో వచ్చే చిక్కుల్లో ఇదొకటి.

తడి ఉంటే దుమ్ము లేవదు.. కానీ అన్ని గోడలకూ కాదు

పాత ఇళ్లలో సున్నం వేసిన గోడలు, నీళ్లలో కలిపి పూసే పౌడర్ డిస్టెంపర్ వేసిన గోడలు ఇంకా చాలా ఉన్నాయి. వీటిని పొడిగా గీకడమంత తెలివితక్కువ పని మరొకటి లేదు. స్ప్రే సీసాతోనో, పాత బ్రష్‌తోనో గోడను తడిపి పది నిమిషాలు నానబెడితే డిస్టెంపర్ మెత్తబడి ముద్దలా ఊడి వస్తుంది. పెచ్చులు కట్టిన సున్నానికీ అదే పద్ధతి. గోడ వారగా పాత పేపర్లు పరిస్తే ముద్ద వాటి మీదే పడుతుంది, చుట్టి బయట పడేయవచ్చు.

ఎమల్షన్ వేసిన గోడ బాగానే ఉండి, కొత్త రంగు మాత్రమే వేయాలనుకుంటే అసలు మొత్తం గోడకు లప్పం ఎందుకన్న ప్రశ్న వేయాలి. పగుళ్లు, మేకుల రంధ్రాల వరకే లప్పం పెట్టి, మిగతా గోడను సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టి, తేలిగ్గా పేపర్ పట్టిస్తే సరిపోయే ఇళ్లు చాలానే ఉంటాయి. చదరపు అడుగు లెక్కన కూలీ తీసుకునేవాళ్లు 'ఫుల్ లప్పం' అనే అంటారు. అవసరమో కాదో గోడను పగటి వెలుగులో పక్కనుంచి చూస్తే ఇంటివాళ్లకే తెలిసిపోతుంది. పెట్టని లప్పం దుమ్ము లేపదు కదా!

సిమెంటు లప్పం బాగా ఆరాక నీటిలో తడిపి వాడే వాటర్ పేపర్‌తో రుద్దవచ్చు. పొడి గాల్లోకి లేవకుండా పేస్టులా మారి గోడకే అంటుకుంటుంది. దాన్ని తడి స్పాంజితో వెంటనే తీసేయాలి, ఆరితే మళ్లీ పొడే. ఈ పద్ధతిలో పని నెమ్మదిగా సాగుతుంది, ప్రైమర్ వేయడానికి గోడ పూర్తిగా ఆరాల్సి ఉంటుంది. అందుకే పెయింటర్లు పెద్దగా ఇష్టపడరు. డబ్బాల్లో వచ్చే అక్రిలిక్ లప్పానికి ఎక్కువ నీళ్లు తగిలితే మెత్తబడి లేచిపోయే అవకాశముంది. దానికి స్పాంజి గట్టిగా పిండి, తడి తగిలీ తగలనట్టుగా తుడవాలి. ముందు ఓ మూల చిన్నచోట ప్రయత్నించి చూసుకోవడం మంచిది. స్విచ్ బోర్డుల దగ్గర తడి పని చేసేటప్పుడు ఆ గది ఎంసీబీ ఆపేయాలి, సాకెట్ల మీద టేపు అంటించాలి.

గదిని మూయడం ఎలా?

పాత చీరలు, దుప్పట్లు కప్పడం మన ఇళ్లలో మామూలు. వాటి నేతలోంచి సన్నపొడి సులువుగా దిగిపోతుంది. పైగా వాటిని దులిపినప్పుడు రెండోసారి దుమ్ము లేస్తుంది. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే పల్చటి ప్లాస్టిక్ షీట్ రోల్, మాస్కింగ్ టేపు చాలు. వీలైతే గది మొత్తం ఖాళీ చేయాలి. కుదరకపోతే సామాను గది మధ్యకు చేర్చి, షీట్‌ను నేల దాకా దించి చుట్టూ టేపు వేయాలి. బీరువాకు పైన షీటు కప్పితే సరిపోదు. తలుపుల సందుల మీద, తాళం రంధ్రం మీద కూడా టేపు అంటించాలి.. పట్టుచీరల మీద పొడి పడేది వాటిలోంచే.

ఏసీ విషయంలో చాలామంది పొరపడుతున్నారు. ఉక్కగా ఉందనో, రంగు త్వరగా ఆరుతుందనో ఏసీ వేసి పని చేయిస్తారు. లోపలి యూనిట్ గదిలో గాలినే పీల్చి మళ్లీ వదులుతుంది. ఆ గాలిలోని లప్పం పొడి ఫిల్టర్ దాటి కాయిల్ మీద చేరుతుంది. కాయిల్ మీద ఎప్పుడూ నీటి తేమ ఉంటుంది. తెల్ల సిమెంటు పొడి, దానికి తోడు నీళ్లు.. ఇక చెప్పేదేముంది! ఏసీ స్విచ్ ఆపేసి, యూనిట్ మొత్తాన్ని ప్లాస్టిక్‌తో మూసి టేపు వేయాలి. ఫ్రిజ్ కూడా అంతే, తిరుగుతున్న ఫ్రిజ్ వెనక భాగానికి దుమ్ము పడుతుంది. దాన్ని కప్పేసి నడిపితే వేడెక్కుతుంది కాబట్టి, రుద్దుడు జరిగే రోజు వేరే గదిలోకి మార్చుకోవాలి.

గుమ్మానికి ప్లాస్టిక్ షీటు కర్టెన్‌లా దించి, పైనా ఒక పక్కనా టేపు వేసి, రెండో పక్క మనిషి దూరేలా వదిలేయాలి. గడప దగ్గర తడిపిన గోనె పట్టా వేస్తే కాళ్లకు అంటిన పొడి అక్కడే ఆగుతుంది. ఇంటిల్లిపాదికీ ఈ పొడిని పంచేది ఎక్కువగా చెప్పులు, కాళ్లే.

ఇక ఫ్యాన్. సీలింగ్ ఫ్యాన్ ఆపేయాలి. ఒక టేబుల్ ఫ్యాన్‌ను కిటికీలో పెట్టి, గాలి బయటికి వెళ్లేలా తిప్పాలి. ఫ్యాన్ పక్కన మిగిలిన కిటికీ ఖాళీని అట్టముక్కతో మూసేయాలి. అప్పుడు గదిలోని గాలి బయటికి పోతూ, గుమ్మం వైపు నుంచి కొద్దిగా గాలి లోపలికి వస్తుంది. దుమ్ము హాల్లోకి రాకుండా ఉండేది ఈ లాగుడు వల్లే. పని చేస్తోందో లేదో చూడటానికి అగరుబత్తి చాలు. గుమ్మం దగ్గర వేలాడే షీటు సందులో పట్టుకుంటే పొగ గది లోపలికి వంగాలి. బయటికి వస్తుంటే గాలి ఎదురు కొడుతోందని అర్థం.. అప్పుడు ఫ్యాన్ వేరే కిటికీకి మార్చాలి. అదే ఫ్యాన్‌ను లోపలికి తిప్పి పెడితే మాత్రం ఇల్లంతా పొడి చల్లినట్టే. అపార్ట్‌మెంట్లలో కింది బాల్కనీలో బట్టలు ఆరేసి ఉంటాయేమో చూసుకుని, ముందే ఒక మాట చెప్పి మొదలుపెడితే గొడవలుండవు.

ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు, వయసు పైబడినవాళ్లు రుద్దుడు జరిగే రోజుల్లో ఇంట్లో లేకపోవడమే క్షేమం. రంగు వేసే రోజుల కన్నా ఈ రోజులే ముఖ్యమని చాలామందికి తెలియదు. వాసన వస్తుందని రంగు వేసేటప్పుడు బంధువుల ఇంటికి పంపి, అంతకుముందు దుమ్ములో ఉంచేస్తారు.

పాత తలుపులు, గ్రిల్స్ గీకుతున్నారా? ఇది వేరే కథ

గోడల దుమ్ముతో ఇబ్బంది ఒక రకం. పాత ఎనామిల్ వేసిన తలుపులు, కిటికీలు, గ్రిల్స్ గీకినప్పుడు వచ్చే పొడి ఇంకో రకం. అందులో సీసం ఉండవచ్చు. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధనను కేంద్రం 2016లో తెచ్చింది. అది 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఎంత ఉందో కంటితో చూసి చెప్పలేం. పాత ఇంట్లో ఉందనే అనుకుని పని చేయించడం మంచిది.

సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత మోతాదు వరకు ఫర్వాలేదు అని చెప్పగలిగే హద్దు ఏదీ లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నేల మీద పాకుతూ, దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో అందుకే అదనపు జాగ్రత్త కావాలి. ఈ తలుపులను పొడిగా గీకకూడదు. గ్రైండర్‌కు వైర్ బ్రష్ తగిలించి రుద్దకూడదు. మంటతో కాల్చి రంగు ఊడదీయకూడదు, ఆ పొగ కూడా విషమే. తడిపి, వాటర్ పేపర్‌తో రుద్ది, ముద్దను గుడ్డతో తీసి కవర్‌లో కట్టేయాలి. ఇక్కడ కిటికీలో ఫ్యాన్ పెట్టే ఉపాయం పనికిరాదు, సీసపు పొడిని వీధిలోకి వదిలినట్టవుతుంది. పని చేసినవాళ్లు అన్నం తినేముందు చేతులు, మొహం కడుక్కోవాలి. ఆ రోజు బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు. పాత రంగు ఊడకుండా గట్టిగానే ఉంటే మొత్తం గీకించకుండా, పైపైన తడి పేపర్ పట్టించి కొత్త కోటింగ్ వేయించడమే తేలిక.

అమెరికాలో పాత ఇళ్లు కొంటున్న తెలుగువాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. అక్కడ ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. అంతకుముందు కట్టిన ఇళ్లలో డబ్బు తీసుకుని ఇలాంటి పని చేసే కాంట్రాక్టర్లకు 2010 నుంచి ప్రత్యేక శిక్షణ, సర్టిఫికెట్ తప్పనిసరి. ఆ కాగితం అడిగి చూశాకే పని అప్పగించాలి.

'డస్ట్ ఫ్రీ' అంటే నిజంగా దుమ్ము ఉండదా?

కొన్నాళ్లుగా నగరాల్లో పెయింట్ కంపెనీలు, సర్వీస్ యాప్‌లు మెషీన్‌తో రుద్దే పద్ధతిని ప్రచారం చేస్తున్నాయి. గుండ్రంగా తిరిగే సాండర్‌కు పైపు తగిలించి, పొడిని అక్కడికక్కడే వాక్యూమ్ లాగేసుకుంటుంది. ఇది ఉత్త ప్రచారం కాదు. పైన చెప్పిన నియోష్ పరిశీలనలోనే ఇలాంటి యంత్రాలు దుమ్మును 80 నుంచి 97 శాతం దాకా తగ్గించాయి. అయితే మిగిలిన ఆ కొద్ది శాతమూ దుమ్మే. మూలలు, స్విచ్ బోర్డుల చుట్టుపక్కల, కిటికీ అంచుల దగ్గర మెషీన్ పట్టదు, అక్కడ చేత్తోనే రుద్దుతారు. కాబట్టి షీట్లు, మాస్కులు వద్దనుకోవడానికి వీల్లేదు.

యంత్రం ఉందని చెప్పేవాళ్లను రెండు ప్రశ్నలు అడగాలి. వాక్యూమ్‌కు హెపా ఫిల్టర్ ఉందా? సీలింగ్‌కు కూడా మెషీనే వాడతారా? హెపా అంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని పట్టేసే ఫిల్టర్. అది లేకపోతే ముతకపొడి సంచిలో ఉండి, సన్నపొడి వెనకనుంచి గదిలోకే వచ్చేస్తుంది. ఇంట్లో వాడుకునే మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో లప్పం పొడి లాగబోతే జరిగేదీ ఇదే. పైగా ఫిల్టర్ మూసుకుపోయి మోటార్ కాలిపోతే రిపేరు ఖర్చు అదనం.

యంత్రం లేని పెయింటర్ దగ్గరా మంచి పని చేయించుకోవచ్చు. కాకపోతే మాటలన్నీ రేటు కుదుర్చుకునేటప్పుడే జరగాలి. షీట్లు ఎవరు కడతారు, రోజూ సాయంత్రం పొడి ఎవరు ఎత్తుతారు, తడి పద్ధతి వాడితే కూలీ ఎంత పెరుగుతుంది.. ఇవన్నీ ముందే తేల్చుకోవాలి. చదరపు అడుగు రేటుకు ఒప్పుకున్న మనిషికి ప్రతి గంటా డబ్బే. పని మధ్యలో 'దుమ్ము రాకుండా చెయ్' అంటే అతడికి కోపం రావడంలో తప్పులేదు.

దుమ్ము తుడవకపోతే రంగే ఊడుతుంది

రుద్దడం అయ్యాక గోడ మీద కూడా పొడి పొర ఉంటుంది. దాని మీదే ప్రైమర్ వేసేస్తే అది గోడను కాదు, పొడిని పట్టుకుంటుంది. ఏడాది తిరక్కుండా రంగు పొరలుగా లేవడానికి చెమ్మ ఒక్కటే కారణం కాదు, ఈ పొడి కూడా. చీపురుతో గోడ దులపడం కాకుండా, బాగా పిండిన తడిగుడ్డతో పైనుంచి కిందికి తుడిచి ఆరనివ్వాలి. ఆరాక సెల్లో టేపు ముక్క గోడకు అంటించి లాగి చూడొచ్చు. టేపుకు తెల్లగా పొడి అంటుకుంటే మరోసారి తుడవాలి. చివరి కోటింగ్ వేసే రోజు పక్క గదిలో రుద్దుడు పెట్టుకోకూడదు. ఆ పొడి తడి రంగు మీద పడి గోడ గరగరలాడుతుంది.

ఇల్లు ఖాళీగా ఉంటే మొత్తం ఇంటి రుద్దుడు ముందు ముగించి, శుభ్రం చేసి, ఆ తర్వాతే రంగులు మొదలుపెట్టడం మంచి పద్ధతి. ఇంట్లో ఉంటూ వేయించుకునేవాళ్లకు అది కుదరదు. ఒక్కో గది పూర్తి చేసుకుంటూ, దుమ్ము గదికీ ఉండే గదికీ మధ్య కనీసం రెండు తలుపులు ఉండేలా చూసుకోవాలి. వంటింటిని చివరికి ఉంచుకోవడం తేలిక.

శుభ్రం చేసేటప్పుడు పొడి చీపురు వాడితే కిందికి దిగిన దుమ్ము మళ్లీ గాల్లోకే. రాత్రంతా వదిలేసి, పొద్దున ఎవరూ తిరగకముందే తడిగుడ్డతో మొదలుపెట్టాలి. ముందు ఫ్యాన్ రెక్కలు, సజ్జలు, తలుపుల పైఅంచులు, తర్వాత కిటికీలు, ఆఖరున నేల. నీళ్లు తెల్లబడగానే మార్చాలి, లేదంటే ఆరాక నేల మీద తెల్లటి చారలు తేలతాయి. మార్బుల్ నేల మీద లప్పం మరకలు పోవడానికి యాసిడ్ పోయడం చాలా ఇళ్లలో చేసే పొరపాటు. యాసిడ్ మార్బుల్‌నే తినేస్తుంది. ఆ రోజు పడిన మరకను ఆ రోజే తడిగుడ్డతో తుడిస్తే యాసిడ్ అవసరమే రాదు.

తుడిచిన తెల్లటి నీళ్లను బాత్‌రూమ్ జాలీలో పోయకూడదు. అందులోని సిమెంటు పైపు వంపుల్లో పేరుకుని గట్టిపడుతుంది. బకెట్‌ను కాసేపు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీళ్లు పారబోసి, మడ్డిని ఆరబెట్టి నిర్మాణ వ్యర్థాలతో కలిపి ఇచ్చేయాలి. ఏసీ కవర్ అన్నిటికన్నా చివర్లో, ఇల్లంతా తుడవడం అయ్యాకే విప్పాలి. విప్పాక స్విచ్ వేసే ముందు ఫిల్టర్లు తీసి కడగాలి. వారం తర్వాత సీలింగ్ ఫ్యాన్ రెక్కల పైభాగం ఒకసారి వేలితో రాసి చూస్తే, ఇంకా తెల్లగా అంటుతుంటే మరో విడత తడిగుడ్డ పట్టించాల్సిందే.